రఫ్ పుస్తకానికే మార్కులు వేయండి

ప్రశ్న: అనంతపురంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మా ఫైనలియర్ వాళ్లు పల్లెల నుంచి బోరు నీళ్లు తెచ్చి ఫ్లోరైడ్ కొలుస్తున్నారు. రీడింగులు కొన్ని ఫోన్లలో, కొన్ని వాట్సాప్ గ్రూపులో, కొన్ని చీటీల మీద ఉంటాయి. రిపోర్టు రాసేసరికి ఏది ఏ ఊరిదో తేలడం లేదు. డేటాను పద్ధతిగా ఉంచుకోవడం ఎలా నేర్పాలి? సిలబస్‌లో దీనికి పీరియడ్ లేదు.
– ఒక లెక్చరర్

జవాబు: మేడమ్, దీనికి వేరే పీరియడ్ అక్కర్లేదు. మార్కులు వేసే తీరు మారిస్తే చాలు. మన ల్యాబుల్లో రఫ్‌గా రాసుకున్నది పారేసి, అందంగా తిరగరాసిన రికార్డుకే మార్కులు వేస్తాం. దాంతో కొట్టివేతలు, తేడా వచ్చిన రీడింగులు అన్నీ మాయమవుతాయి. పిల్లలకు మనం నేర్పుతున్నది అదే. కర్నూలులో ఏళ్ల తరబడి ప్రాక్టికల్స్ చేయించిన మనిషిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను. సగం మార్కులు రఫ్ పుస్తకానికే వేయండి. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన రాయాలి, చెరపకూడదు.

మీ పని చిన్నది కాదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు మంచిదనీ, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. ఒక్క చీటీ తారుమారైతే మంచి బోరును చెడ్డదంటాం, చెడ్డ నీళ్లు తాగమంటాం.

అందుకే నీళ్లు పట్టిన చోటే ప్లాస్టిక్ సీసా మీద కోడ్ రాయించండి. అదే కోడ్ పుస్తకంలోనూ, ఎక్సెల్‌లోనూ ఉండాలి. తారీఖు ముందు ఏడాది, తర్వాత నెల, చివర రోజు వచ్చేలా 2025-07-05 అని రాస్తే ఏది రోజో ఏది నెలో అనే గొడవ రాదు. మీటరు పట్టుకోలేనంత తక్కువ ఉంటే ఆ మాటే రాయాలి, సున్నా వేయకూడదు. కొలవకపోతే గడి ఖాళీగా వదిలి, కారణం పక్కన రాయాలి. బోరు యజమాని పేరు, ఫోన్ నంబరు ఈ షీటులో వద్దు, విడిగా మీ దగ్గర ఉంచండి.

ఎక్సెల్‌ను గుడ్డిగా నమ్మొద్దని కూడా చెప్పండి. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లను అది తారీఖులుగా మార్చేస్తుంటే, చివరికి 2020 నాటికి ఆ జన్యువులకే కొత్త పేర్లు పెట్టారు. మొదటి ఫైలును ముట్టుకోకుండా కాపీ మీదే లెక్కలు చేయించండి. మూడు కాపీలుండాలి, అందులో ఒకటి కాలేజీ బయట.

ఇక అసలు పరీక్ష. ఒక బ్యాచ్ ఫైలును ఇంకో బ్యాచ్ చేతికిచ్చి, వాళ్లను ఏమీ అడగకుండా గ్రాఫు గీయమనండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ ఏం రాయలేదో మొదటి బ్యాచ్‌కు తెలిసిపోతుంది. నేను ఎంత చెప్పినా తలకెక్కనిది ఒక్క మధ్యాహ్నంలో ఎక్కడం చూశాను.

రిపోర్టు అయ్యాక ఆ అంకెలు బోరున్న ఊళ్లకూ చేరాలి. 1.5 దాటిన చోట మళ్లీ నీళ్లు తెచ్చి కొలిచాకే చెప్పండి, పిల్లలను వెంటబెట్టుకుని మీరే వెళ్లండి.