‘టేక్ ఆఫ్’ అంటే విప్పడమా, ఎగరడమా?

రెండూనూ, మూడోది కూడా ఉంది: ఈ మాట వెనక ఒంటికి వేసుకునే వస్తువు పేరుంటే విప్పడం, ‘ఎ డే’ లాంటి మాట నడుమ చేరితే సెలవు పెట్టడం, విమానం గురించి చెబుతూ వెనక ఏమీ లేకుంటే నేల విడిచి లేవడం.

‘ఆఫ్’లో ఉన్నది అంటుకున్న చోటు నుంచి వేరుపడటం. చెప్పు కాలి నుంచి, మనిషి పని నుంచి, విమానం రన్‌వే నుంచి. అందుకే అలిపిరి మెట్ల దగ్గర ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’ అంటే విప్పమని. రేణిగుంటలో ‘ద ఫ్లైట్ టుక్ ఆఫ్ ఎట్ సిక్స్’ అంటే ఆరింటికి లేచిందని.

వెనక వచ్చే మాటను ఎక్కడైనా పెట్టొచ్చనుకోవడమే పొరపాటు. ‘టేక్ యువర్ షూస్ ఆఫ్’ కూడా సరే, కానీ ‘దెమ్’, ‘ఇట్’ వస్తే నడుమే ఉండాలి: ‘టేక్ దెమ్ ఆఫ్’. ‘టేక్ ఆఫ్ దెమ్’ తప్పు. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. విమానానికి ‘వాజ్ టేకెన్ ఆఫ్’ అనకండి, అది తనే లేస్తుంది.