రోవానియెమిలో సీజన్ పని చేస్తే చేతిలో డబ్బు మిగులుతుందా?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఫిన్లాండ్‌లో మాస్టర్స్ చదువుతూ డిసెంబర్ సెలవుల్లో ఆ దేశం ఉత్తరాన ఉన్న లాప్‌లాండ్ వెళ్లి పని చేయొచ్చా, హైదరాబాద్‌లో క్యాబ్ నడిపిన అనుభవంతో అక్కడ డ్రైవర్ ఉద్యోగం దొరుకుతుందా, ఆ డబ్బుతో ఫీజు బాకీ తీరుతుందా అని. నేను ఫిన్లాండ్‌లోని ఔలులో చదువుకునే రోజుల్లో, లాప్‌లాండ్‌లోని రోవానియెమి ఊళ్లో టూరిస్టు సీజన్లు చేశాను. మొదట టూరిస్టులను మంచు మీద తిప్పే ఒక సఫారీ కంపెనీ బట్టల గదిలో, తర్వాత ఎయిర్‌పోర్ట్‌లో దిగిన టూరిస్టులను బస్సులెక్కించే పనిలో. కాబట్టి చూసిందే చెప్తాను. అందరూ ముందు "గంటకి ఎంత ఇస్తారు" అని అడుగుతారు గానీ, సీజన్ అయ్యాక అకౌంట్లో ఎంత ఉంటుందో తేల్చేవి రెండే: వారానికి ఖాయంగా ఎన్ని గంటలు ఇస్తారు, పడుకోవడానికి గది ఎవరిస్తారు. ఈ రెండూ కాగితం మీద కనబడకుండా రైలెక్కొద్దు.

అక్కడ పని ఏడాదంతా ఒకేలా ఉండదు. 1950లో అమెరికా మాజీ అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్వెల్ట్ వస్తున్నారని ఆర్కిటిక్ సర్కిల్ దగ్గర హడావుడిగా ఒక చెక్క ఇల్లు కట్టారు, 1984 క్రిస్మస్‌కి లండన్ నుంచి కాంకార్డ్ విమానం వచ్చింది, ఆ మరుసటి ఏడాది సాంటా క్లాస్ విలేజ్ తెరిచారు. అప్పట్నుంచి ఆ ఊరి టూరిజమంతా క్రిస్మస్ చుట్టూనే తిరుగుతోంది. బ్రిటన్ నుంచి ఛార్టర్ ఫ్లైట్లలో పిల్లల్ని తీసుకుని పొద్దున వచ్చి, సాంటాని చూపించి, రాత్రికి వెనక్కి వెళ్లిపోయే కుటుంబాలు కూడా ఉంటాయి. సంక్రాంతి ముందు విజయవాడ బస్టాండ్ ఎలా ఉంటుందో డిసెంబర్‌లో ఆ ఎయిర్‌పోర్ట్ అలా ఉంటుంది. నవంబర్ ఆఖరు నుంచి జనవరి మొదటి వారం దాకా మనుషులు చాలరు. జనవరి 6 దాటగానే ఒక్కసారిగా చప్పబడిపోతుంది, మళ్లీ ఫిబ్రవరిలో చైనీస్ న్యూ ఇయర్‌కి, యూరప్ వాళ్ల స్కీయింగ్ సెలవులకి పుంజుకుంటుంది. లెవి, యుల్లాస్ లాంటి స్కీ రిసార్ట్‌లయితే ఏప్రిల్ ఆఖరు వరకు నడుస్తాయి. మీ కాలేజీ సెలవులు సరిగ్గా ఆ మొదటి రద్దీలోనే పడతాయి, అది మీకు కలిసొచ్చే విషయం.

పర్మిట్ సంగతి సులువే. స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్ మీద వారానికి 30 గంటలు పని చేయొచ్చని 2022లో మార్చారు, అదీ సగటున. అంటే డిసెంబర్‌లో 40 గంటలు చేసి, పరీక్షల నెలలో తగ్గించుకుంటే ఇబ్బంది లేదు, ఏడాది మొత్తం మీద లెక్క దాటకూడదు. ఎన్ని గంటలు చేశారో మీరే ఒక చోట రాసి పెట్టుకోండి, ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర చేసినప్పుడు ఆ లెక్క ఇంకెవరూ చూడరు.

ఇక డ్రైవర్ పని. మీకు నచ్చని జవాబే: ఈ డిసెంబర్‌కి దాని మీద ఆశ పెట్టుకోకండి. డ్రైవర్‌తో కలిపి తొమ్మిది మంది దాటిన బండి నడపాలంటే డి క్యాటగిరీ లైసెన్స్ కావాలి, దాంతోపాటు యూరప్ అంతటా ఉన్న ప్రొఫెషనల్ డ్రైవర్ అర్హత ఉండాలి. ఆ ట్రైనింగ్ పూర్తిదైతే 280 గంటలు, తొందరగా అయ్యేదైతే 140 గంటలు, అది పూర్తయితే లైసెన్స్ మీద 95 అనే కోడ్ వేస్తారు. ట్యాక్సీ నడపాలన్నా ట్రాఫికామ్ అనే రవాణా సంస్థ ఇచ్చే ట్యాక్సీ డ్రైవర్ పర్మిట్ వేరే ఉండాలి. మన దగ్గర బ్యాడ్జి నంబర్‌తో ఎన్నేళ్లు తిప్పినా అది అక్కడ చెల్లదు. అలాగని ఆ దారి మూసుకుపోలేదు. నాతో పనిచేసిన నేపాల్ అతను ఒకరు ఫిన్నిష్ నేర్చుకుని, ఒకేషనల్ స్కూల్‌లో చేరి డి లైసెన్స్ తెచ్చుకున్నాడు, ఇప్పుడు అక్టోబర్ వస్తే కంపెనీలే అతనికి ఫోన్ చేస్తాయి. బస్సు డ్రైవర్ల కొరత నిజం, దక్షిణ ఫిన్లాండ్ నుంచి కూడా డ్రైవర్లు పైకి వచ్చి సీజన్ చేసి పోతుంటారు. చదువయ్యాక అక్కడే ఉండిపోవాలనుకుంటే ఆలోచించదగ్గ పనే.

పైగా ఆ రోడ్ల మీద బండి నడపడం హైదరాబాద్ ట్రాఫిక్‌లో నేర్చుకున్న దానికి పూర్తిగా వేరు. మైనస్ 25లో పొద్దున బండి స్టార్ట్ అవ్వాలంటే ఇంజన్ హీటర్‌కి ముందే కరెంటు ఇవ్వాలి, అందుకే పార్కింగ్‌లో ప్రతి స్లాట్‌కీ ఒక ప్లగ్గు స్తంభం, దానికి టైమర్ ఉంటాయి. తొందరలో ఆ కేబుల్ తీయకుండానే బండి కదిలించేవాళ్లు ప్రతి సీజన్‌లో ఒకరైనా ఉంటారు. లారీ ఎదురొస్తే అది లేపిన మంచు పొడిలో కొన్ని క్షణాలు ముందేమీ కనపడదు, అప్పుడు గట్టిగా బ్రేక్ తొక్కితే బండి జారిపోతుంది. ఇక రెయిన్‌డీర్లు. ఆ ప్రాంతంలో దాదాపు 2 లక్షలుంటాయి, ఒక్కటి కూడా అడవి జంతువు కాదు, ప్రతిదానికీ ఓనర్ ఉంటాడు, చెవి మీద కోసిన గుర్తే సాక్ష్యం. మంచు తీసిన రోడ్డు నడవడానికి సుఖంగా ఉంటుంది కాబట్టి అవి రోడ్డు మీదే నడుస్తాయి, హారన్ కొట్టినా లెక్కచేయవు, ఒకటి దాటిందంటే వెనక ఇంకో నాలుగుంటాయి. గుద్దితే 112కి ఫోన్ చేయాల్సిందే, అది లేచి పారిపోయినా సరే. డ్రైవర్లు పోరోకెల్లో అనే యాప్ పెట్టుకుంటారు, ఎక్కడ మంద కనపడిందో ముందు వెళ్లినవాళ్లు నొక్కితే వెనకవాళ్లకి తెలుస్తుంది.

మరి మీకు దొరికేది ఏమిటంటే హోటల్ హౌస్‌కీపింగ్, కిచెన్ హెల్పర్, బట్టల గది, ఎయిర్‌పోర్ట్ ట్రాన్స్‌ఫర్ అసిస్టెంట్. కిచెన్‌లో ప్యాకింగ్ లేని ఆహారం ముట్టుకోవాలంటే హైజీన్ పాస్ కావాలి, 40 వాక్యాలిచ్చి తప్పో ఒప్పో పెట్టమంటారు, 34 కరెక్ట్ అయితే పాస్. ఇంగ్లిష్‌లో కూడా రాయొచ్చు, ఊరెళ్లే ముందే రాసేయండి.

బట్టల గది గురించి ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అదే బెస్ట్ అనిపిస్తుంది, ఫిన్నిష్ లేకపోయినా నెట్టుకురావచ్చు. టూరిస్టులు మామూలు జాకెట్‌తో దిగుతారు, వాళ్లకి సఫారీకి ముందు ఓవరాల్ (ఒళ్లంతా కప్పే చలి సూటు), ఉన్ని సాక్సులు, బూట్లు, గ్లవ్స్, హెల్మెట్ ఇవ్వాలి. మనిషిని చూడగానే సైజు చెప్పగలగడం అక్కడి అసలు విద్య. బూటు ఒక సైజు పెద్దదే ఇవ్వాలి, లోపల కాస్త గాలి ఆడితేనే వెచ్చగా ఉంటుంది. బిగుతుగా ఉండాలని పట్టుబట్టినవాళ్లే గంట తర్వాత వేళ్లు తిమ్మిరెక్కాయని వస్తారు. పిల్లల ఓవరాల్స్ ఎత్తుని బట్టి 110, 120 అని ఉంటాయి. అది తొడిగాక పిల్ల బాత్రూమ్ అంటుంది, మళ్లీ మొదటి నుంచీ. సాయంత్రం ఆ తడి బూట్లన్నీ హీటర్ గొట్టాలకి తలకిందులుగా తగిలించాలి, ఒక్కటి మర్చిపోతే పొద్దున ఎవరి కాలో అందులో గడ్డకడుతుంది. పని అయ్యేసరికి ఒళ్లంతా పెట్రోల్ వాసన, తడి ఉన్ని వాసన కలిసి కొడుతుంది.

ఎయిర్‌పోర్ట్ పనికి ఇంగ్లిష్ గట్టిగా ఉండాలి, ఓపిక ఇంకా గట్టిగా ఉండాలి. చేతిలో లిస్టు, ఏ కుటుంబం ఏ బస్సు, ఏ హోటల్. ఒక ఫ్లైట్ గంట లేటయితే దాని వెనక బస్సు, బస్సు వెనక సఫారీ, సఫారీ వెనక డిన్నర్ అన్నీ వెనక్కి జరుగుతాయి, తిట్లు మాత్రం బస్సు తలుపు దగ్గర నిలబడ్డవాడికే. డ్రైవర్‌ని తొందరపెట్టినా లాభం లేదు, నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలన్నది రూల్, బండిలో ఉండే టాకోగ్రాఫ్ అనే మీటర్‌లో మొత్తం నమోదవుతుంది. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, బయటి జేబులో పెడితే బ్యాటరీ చూస్తుండగానే చస్తుంది, మీ లిస్టు అందులోనే ఉంటుంది.

డబ్బు దగ్గరికొద్దాం. ఫిన్లాండ్‌లో ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం అంటూ లేదు, ఆ రంగం యూనియన్ ఒప్పందం ప్రకారం ఇస్తారు. లెక్క కోసం గంటకి 12 యూరోలు అనుకోండి. వారానికి 38 గంటలు దొరికితే 456 యూరోలు, 15 గంటలే దొరికితే 180. గది అద్దె మాత్రం రెండింటికీ ఒకటే. అందుకే కాంట్రాక్టులో "0 నుంచి 40 గంటలు" అని ఉంటే సంతకం పెట్టే ముందు కనీసం ఎన్ని ఇస్తారో రాయించుకోండి. కొన్నేళ్లు నవంబర్ ఆఖరుకి కూడా సరిగ్గా మంచు పడదు, సఫారీలు రద్దవుతాయి. చలి మరీ ముదిరినా రద్దే, 2024 జనవరిలో లాప్‌లాండ్‌లోనే ఎనొంటెకియో అనే చోట మైనస్ 44 దాకా పోయింది. అలాంటి రోజుల్లో సున్నా గంటల కాంట్రాక్టు వాడు గదిలో కూర్చుని గోళ్లు గిల్లుకోవాలి. ఒక కంపెనీలో నాకూ అలాంటి వారం ఎదురైంది, అద్దె మాత్రం ఒక్క యూరో తగ్గించలేదు.

ఆదివారం పనికి చట్టం ప్రకారం రెట్టింపు. డిసెంబర్ 6 స్వాతంత్ర్య దినం, డిసెంబర్ 25, 26, జనవరి 6 కూడా ఆ లెక్కలోకే వస్తాయి. 24 మాత్రం చట్టం దృష్టిలో మామూలు రోజు. ఆ రోజుల్లో ఎవరైనా షిఫ్ట్ మార్చుకుంటావా అంటే వెంటనే ఒప్పేసుకోండి, మనకి క్రిస్మస్ ఇంట్లో గడపాలన్న పట్టింపు లేకపోతే అదే లాభం. జీతం వచ్చాక స్లిప్పులో ఆ అదనం పడిందో లేదో చూడండి, పడకపోతే మెయిల్‌లో అడగండి, నోటిమాటగా కాదు. ట్యాక్స్ కార్డు, అంటే మీ జీతంలో ఎంత శాతం పన్ను కోయాలో ట్యాక్స్ ఆఫీసు రాసిచ్చే కాగితం, యజమానికి మొదటి జీతానికి ముందే ఇవ్వాలి, లేదంటే 60 శాతం కోసేస్తారు. తర్వాత తిరిగొస్తుంది లెండి, కానీ అప్పటిదాకా తినేదేంటి. పని మానేశాక వాడుకోని సెలవులకి డబ్బు కూడా ఆఖరి జీతంలో రావాలి, చాలామంది మనవాళ్లు అది అడగనే అడగరు.

ఫీజు తీరుతుందా అంటే, మాస్టర్స్ ఫీజు ఏడాదికి వేల యూరోలు, ఒక్క డిసెంబర్‌తో తీరదు. గంటలు, గది రెండూ కుదిరితే రెండు మూడు నెలల ఖర్చు గట్టెక్కుతుంది. గది మాత్రం కంపెనీదే తీసుకోండి, డిసెంబర్‌లో ఆ ఊళ్లో ఇళ్లన్నీ టూరిస్టులకి రోజువారీ అద్దెకి పోతాయి. ఎంతమంది కలిసి ఉండాలి, జీతంలోంచి ఎంత కోస్తారు, పని లేని రోజుల్లో కూడా కోస్తారా, రాత్రి షిఫ్ట్ అయ్యాక వెనక్కి తెచ్చే బండి ఉందా, ఇవన్నీ అడగండి. ఆఖరిది చిన్న విషయం కాదు, ఊరికి దూరంగా గది ఇచ్చి ట్యాక్సీకి మీరే పెట్టుకోమంటే ఆ రోజు సంపాదనలో మంచి ముక్క పోతుంది.

ఇండియా నుంచి నేరుగా వద్దామనుకునే తమ్ముళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. టూరిజం పనికి ఫిన్లాండ్‌లో సీజనల్ వర్క్ దారి ఉంది, మూడు నెలల లోపైతే వీసా, అది దాటితే 9 నెలల దాకా రెసిడెన్స్ పర్మిట్, కానీ ముందు ఉద్యోగం ఇస్తామన్న యజమాని ఉండాలి. ఆ ఉద్యోగం చూపించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం ఫిన్లాండ్‌లో నేరం. అమీర్‌పేటలో కూర్చుని లక్షలు కడితే సాంటా విలేజ్‌లో ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లకి దూరంగా ఉండండి.

కంపెనీలు ఆగస్టు, సెప్టెంబర్‌లోనే మనుషుల్ని తీసుకుంటాయి, నవంబర్‌లో ట్రైనింగ్. నవంబర్ మధ్యలో ఎవరో ఒకరు మానేసి ఖాళీలొస్తాయి, అప్పుడు హౌస్‌కీపింగ్‌లో చోటు దొరకడం తేలికే గానీ గది దొరకదు. మీకు ఆఫర్ ఏదైనా వచ్చుంటే అందులో గంటల గురించి, గది గురించి రాసిన రెండు లైన్లు ఇక్కడ పెట్టండి, కంపెనీ పేరు అక్కర్లేదు, చూసి చెప్తాను.