ఐఎఫ్ఎస్ కావాలంటుంది, వ్యంగ్య పత్రిక మానదు: మా అమ్మాయికి ఏ దారి మేలు?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. ఐఎఫ్ఎస్‌లో, అంటే మన విదేశాంగ సర్వీసులో చేరతానంటుంది. మరోపక్క మారుపేరుతో ఆన్‌లైన్‌లో వ్యంగ్య పత్రిక నడుపుతోంది, నవల కూడా మొదలుపెట్టింది. ఇదేమిటంటే, గ్రెన్‌విల్ ముర్రే అనే బ్రిటిష్ దౌత్యవేత్త ఈ మూడూ చేశాడంటుంది. ఆ రాతలన్నీ కట్టిపెట్టి ముందు సివిల్స్ కొట్టు, తర్వాత నీ ఇష్టం అన్నాను. అప్పట్నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. రెండు దారుల్లో ఏది మేలో పోల్చి చెప్పగలరా? - ఒక తండ్రి

జవాబు: సార్, మీరు అడిగింది దారుల గురించే గానీ ఉత్తరం నిండా కనిపిస్తున్నది పిల్ల చెయ్యి దాటిపోతోందన్న దిగులు. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో ఈ దిగులు తరచూ చూస్తుంటాను. పందొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో పేపరు చదివి, లోకంలో తప్పు పట్టుకుని, దాన్ని నవ్వు పుట్టేలా రాయగలిగిన పిల్ల దారి తప్పలేదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

ఇక ముర్రే సంగతి. అమ్మాయి అతని కథ సగంలో ఆపేసినట్టుంది. 1824లో పుట్టాడు. ఒక డ్యూక్‌కి పెళ్లి బయట కలిగిన కొడుకు. విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ చలవతో 1851లో వియన్నా రాయబార కార్యాలయంలో అటాషేగా, అంటే చిన్న స్థాయి దౌత్యోద్యోగిగా చేరాడు. చేరిన ఏడాదే గుట్టుగా మార్నింగ్ పోస్ట్ పత్రికకు వార్తలు రాయడానికి ఒప్పుకున్నాడు. అది శాఖ నిబంధనలకు విరుద్ధం. సంగతి బయటపడింది, వియన్నా వదలాల్సి వచ్చింది. తర్వాత కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్). అక్కడి రాయబారి స్ట్రాట్‌ఫర్డ్ కానింగ్‌తో పడలేదు. నవలాకారుడు డికెన్స్ నడిపే పత్రికలో సొంత పేరు లేకుండా రాస్తూ, తన పై అధికారినే 'సర్ హెక్టర్ స్టబుల్' అనే పాత్రగా ఎక్కించాడు. చదివినవాళ్లకు అదెవరో తెలిసిపోయింది. ఆ తర్వాత నల్ల సముద్రపు రేవు ఒడెస్సాలో కాన్సల్ జనరల్ (అక్కడి బ్రిటిష్ వాళ్ల వ్యవహారాలు చూసే అధికారి) అయ్యాడు. అక్కడి బ్రిటిష్ వాళ్లతోనూ తగవులే. 1868లో ఆ ఉద్యోగమూ పోయింది.

మరుసటి ఏడాది లండన్‌లో క్వీన్స్ మెసెంజర్ అనే వ్యంగ్య పత్రిక పెట్టాడు. అందులో చనిపోయిన తన తండ్రిని వెక్కిరించారని లార్డ్ కారింగ్టన్ అనే యువ ప్రభువు 1869 జూన్‌లో కన్సర్వేటివ్ క్లబ్ మెట్ల మీద ముర్రేని కొరడాతో కొట్టాడు. కేసు కోర్టుకెక్కింది. కొట్టినవాడిది తప్పేనని తేలింది. కానీ ఆ వ్యాసం నేను రాయలేదని ముర్రే ప్రమాణం చేసి చెప్పాడు. దానిమీద అబద్ధపు సాక్ష్యం అభియోగం వచ్చింది. విచారణకు నిలబడకుండా పారిస్ వెళ్లిపోయాడు. నవలలు, వ్యాసాలు అక్కణ్నుంచే రాశాడు, 1881లో అక్కడే పోయాడు.

అతణ్ని రాత పాడుచేసిందని నేను అనను. ప్రవాసంలో ఉన్నా లండన్ పత్రికలు అతని రచనలు వేసుకుంటూనే ఉన్నాయి. జీతం ఒకచోట తీసుకుంటూ, అక్కడివాళ్లనే చాటు నుంచి కొట్టడం అతని కొంప ముంచింది. రాసింది నాదే అని చెప్పుకోవాల్సిన రోజున చెప్పుకోలేకపోయాడు. అమ్మాయితో మాట్లాడాల్సింది ఈ మారుపేరు గురించే.

మన దగ్గరా నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. ప్రభుత్వోద్యోగి ముందస్తు అనుమతి లేకుండా పత్రికకు సంపాదకత్వం చేయకూడదు, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు. నవలకు ఆ ఇబ్బంది లేదు. వికాస్ స్వరూప్ ఐఎఫ్ఎస్‌లో ఉండగానే నవల రాశారు, స్లమ్‌డాగ్ మిలియనీర్ సినిమా దాన్నుంచి వచ్చిందే. నవ్‌తేజ్ సర్నా నవలలూ రాశారు, అమెరికాలో మన రాయబారిగానూ పనిచేశారు. అంటే ఐఎఫ్ఎస్, నవల కలిసి సాగుతాయి. ఐఎఫ్ఎస్, రాజకీయ వ్యంగ్య పత్రిక కలిసి సాగవు. మీరడిగిన పోలిక ఇంతే.

నాకు అసలు అనుమానం మీరు చూపించిన దారి మీద. 'ముందు సివిల్స్ కొట్టు, తర్వాత నీ ఇష్టం' అన్న మాట ఈ రోజుల్లో ప్రతి ఇంట్లో వినిపిస్తోంది. హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో, ఢిల్లీ ఇరుకు గదుల్లో ఏళ్లకేళ్లు గడిపి వచ్చినవాళ్లతో నేను మాట్లాడుతుంటాను. ర్యాంకు రాకపోవడం ఒక దెబ్బ. ఆ ఏళ్లలో వదిలేసిన పని మళ్లీ చేతికి రాకపోవడం ఇంకా పెద్ద దెబ్బ. ఐఎఫ్ఎస్ సీట్లు ఏటా పదుల్లోనే ఉంటాయి. పైగా దౌత్యం చాలా ఓపికతో చేసే పని. తనకు నచ్చని విధానాన్ని కూడా పరాయి దేశంలో తన దేశం తరఫున చెప్పాలి. ఆ పని మీద నిజంగా ఇష్టమున్నవాళ్లే వెళ్లాలి. రాసుకోవడానికి తీరిక దొరుకుతుందనో, నలుగురిలో మీ పరువు కోసమో వెళ్లే చోటు కాదది.

కోప్పడకండి గానీ, ఒక మాట గట్టిగానే చెప్తాను. కట్టిపెట్టమన్నారు సరే, ఆ పత్రికలో ఒక్క వ్యాసమైనా చదివారా? మీ ఉత్తరంలో దాని పేరు కూడా లేదు. చదవకుండా ఆపమన్న తండ్రితో పిల్ల ఎందుకు మాట్లాడుతుంది? ముందు చదవండి. బాగుంటే బాగుందనండి. ఎవరి పుట్టుకనో, చావునో ఎగతాళి చేసినట్టుంటే అదీ చెప్పండి, వింటుంది. ఆ తర్వాత ఒకటే అడగండి: 'ఇది నీ సొంత పేరుతో వేయగలవా?' వేయగలనంటే వేయనివ్వండి. వేయలేనన్నవి తీసేయమనండి. రేపు ఏ ఉద్యోగంలో చేరినా అవి వెంటాడతాయి.

సివిల్సా, జర్నలిజమా, ఇంకొకటా అన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు. తను చదివే చరిత్ర, రాజనీతి, రోజూ పేపరు అన్నిటికీ పనికొస్తాయి. మూడో సంవత్సరం పరీక్షలు అయ్యేదాకా ఏ కోచింగ్‌కీ అడ్వాన్సు కట్టకండి. నవల సగంలో ఉందేమో, దాన్ని పూర్తి చెయ్యనివ్వండి.