42/50 దగ్గర ఆగాలా, ఇంకా కొట్టేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. 0.84ను భిన్నంగా మార్చి సూక్ష్మ రూపంలో రాయమంటే 84/100 వేసి, రెండుతో కొట్టేసి 42/50 దగ్గర ఆగిపోయాడు. సగం మార్కే వచ్చింది. అప్పట్నుంచి భయపడి, 84 మూడో ఎక్కంలో ఉంది, ఏడో ఎక్కంలో ఉంది అంటూ ఒక్కో లెక్కకి పావుగంట కూర్చుంటున్నాడు. వాడి కంటే నాకే టెన్షన్‌గా ఉంది. ప్రతిసారీ గ.సా.భా. కట్టాల్సిందేనా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అక్కర్లేదమ్మా. ముందుగా వాడికి ఒక మాట చెప్పండి, 42/50 విలువ తప్పు కాదు, 0.84కి అది సమానమే, అడిగిన రూపం దాకా వెళ్ళలేదంతే.

వాడు పైనున్న లవం వైపే చూస్తున్నాడు, చిక్కంతా అక్కడే ఉంది. కిందకి చూడమనండి. పాయింట్ తర్వాత రెండంకెలుంటే హారం 100, మూడుంటే 1000. పది అంటే 2×5, వంద అంటే రెండు రెళ్ళూ రెండు ఐదులూ, వెయ్యి అంటే మూడేసి, ఎంత దూరం వెళ్ళినా ఈ రెండు ప్రధాన సంఖ్యలే తప్ప మూడు గానీ ఏడు గానీ అందులో దొరకవు. కింద లేనిదాన్ని పైన వెతికి లాభం ఏముంది? అందుకే 2తో, 5తో తప్ప మరి దేంతోనూ ప్రయత్నించక్కర్లేదు. 84/100, 42/50, 21/25. ఇప్పుడు 21ని రెండూ భాగించదు, ఐదూ భాగించదు, లెక్క అయిపోయింది. లవం చివర 1, 3, 7, 9లలో ఏదొచ్చినా కలం కింద పెట్టేయొచ్చు. 0.96 లాంటివి మాత్రం కాస్త చూసుకోవాలి, 24/25 దాకా వచ్చాక పైన సరి సంఖ్యే ఉంటుంది కానీ కింద రెండు మిగల్లేదు, కాబట్టి అక్కడా ఆగాలి.

ఈసారి కూరగాయలకి వెళ్ళినప్పుడు బాబుని వెంట తీసుకెళ్ళండి. ఎలక్ట్రానిక్ కాటా మీద 0.250 పడితే అది పావుకిలో అని వాడికి తెలుసు. ఇంకో అరపావు వేయిస్తే 0.375 పడుతుంది. అరపావు అంటే 125 గ్రాములు, కిలోలో ఎనిమిదో వంతు, పావుకిలోలో అలాంటివి రెండు, పైన వేయించింది ఒకటి, మొత్తం మూడు. అంటే 3/8. ఇంటికొచ్చాక కాగితం మీద 375/1000 రాసి ఐదుతో కొట్టుకుంటూ పొమ్మనండి, 75/200, 15/40, 3/8. కళ్ళతో చూసిందే కాగితం మీదా వస్తే ఆ లెక్క ఇక మర్చిపోడు. అది బాగా వచ్చాక 0.0625 ఇవ్వండి, ఐదుతో నాలుగుసార్లు కొడితే 1/16 వస్తుంది. మనం వీసమెత్తు అంటామే, ఆ వీసం ఇదే.

ప్రశ్న: 1/3ని దశాంశంలో 0.33 అని రాశాను. దాన్ని వెనక్కి మారిస్తే 33/100 వస్తోంది. మరి 1/3 ఎక్కడికి పోయింది? – తొమ్మిదో తరగతి విద్యార్థిని, కరీంనగర్

జవాబు: నువ్వు 0.33 దగ్గర కోసేసినప్పుడే పోయిందమ్మా. అసలుది 0.333… అని ఆగకుండా సాగుతుంది. హారంలో మూడు ఉంది, పదిలో, వందలో మూడు లేదు కదా, అందుకే అది ఎప్పటికీ ముగియదు. ఇలాంటివాటికి దారి వేరు. ఆ సంఖ్యని పదితో గుణిస్తే 3.333…, అందులోంచి మొదటిదాన్ని తీసేస్తే తోక మొత్తం పోయి 3 మిగులుతుంది. పది రెట్లలోంచి ఒక రెట్టు తీశాం కాబట్టి ఆ 3 అనేది తొమ్మిది రెట్లు. 3/9, అంటే 1/3. 0.3636…లో రెండేసి అంకెలు తిరిగి వస్తున్నాయి కనుక వందతో గుణించు, 36/99 వస్తుంది. పైన తెనాలి అమ్మగారికి చెప్పిన 2, 5ల చిట్కా ఇక్కడ పనిచేయదు, 99 అంటే 9×11 కాబట్టి ఇక్కడ మూడుతోనూ పదకొండుతోనూ చూడాలి. తొమ్మిదితో కొట్టేస్తే 4/11.