కొనే కుంచం, అమ్మే కుంచం

గత నెల జవాబుల్లో ఒకచోట ‘ప్రభుత్వ ఉగ్రవాదం’ అన్నాను. ఆ ఒక్క మాట మీద పదిహేడు ఉత్తరాలొచ్చాయి. వాటిలో రెండు తిట్లే. చేతిరాత ముత్యాల్లా ఉందని వాటిని కూడా దాచుకున్నాను. మిగతావాటిలోంచి ఐదు తీశాను. వంటలు, పెళ్లిసంబంధాల గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: టీచరమ్మ గారూ, ఉగ్రవాదులంటే ప్రభుత్వం మీద బాంబులు వేసేవాళ్లు కదా. ప్రభుత్వమే ఉగ్రవాది ఎలా అవుతుంది? పోటీ పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయా?
– డిగ్రీ విద్యార్థి, గుణుపురం

జవాబు: పడవు నాయనా. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయి. బయటికొచ్చాక ఇది చదువు.

1985 జులై 10, న్యూజిలాండ్‌లో ఆక్లండ్ రేవు. పర్యావరణం కోసం పోరాడే గ్రీన్‌పీస్ సంస్థ వాళ్ల ఓడ ‘రెయిన్‌బో వారియర్’ అక్కడ లంగరు వేసి ఉంది. పసిఫిక్‌లో మురురోవా దగ్గర ఫ్రాన్స్ చేస్తున్న అణు పరీక్షలకు అడ్డం వెళ్లాలని వాళ్ల ఆలోచన. అర్ధరాత్రికి కాస్త ముందు ఓడ అడుగున ఒకదాని వెనక ఒకటి రెండు బాంబులు పేలాయి. ఫెర్నాండో పెరీరా అనే ఫొటోగ్రాఫర్ మునిగి చనిపోయాడు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన భార్యాభర్తలమని చెప్పుకు తిరుగుతున్న ఇద్దరిని పోలీసులు పట్టుకున్నారు. తీరా చూస్తే ఇద్దరూ ఫ్రాన్స్ గూఢచారి సంస్థలో ఆఫీసర్లు! రెండు నెలలు బుకాయించి, సెప్టెంబరులో ఫ్రాన్స్ ప్రధాని ఒప్పుకున్నాడు: చేసింది మా వాళ్లే, పైనుంచి వచ్చిన ఆర్డరు మీదే అని.

న్యూజిలాండ్ కోర్టు వాళ్లకి పదేళ్ల శిక్ష వేసింది. కానీ అప్పట్లో న్యూజిలాండ్ బతుకు వెన్న, గొర్రె మాంసం మీద. అవి అమ్ముకునేది యూరప్‌లో. ఫ్రాన్స్ ఆ పీక మీద వేలు పెట్టింది. 1986లో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి రాజీ కుదిర్చాడు. ఫ్రాన్స్ క్షమాపణ చెప్పి 70 లక్షల డాలర్లు కట్టాలి, ఆ ఇద్దరూ హావో అనే దీవిలో ఫ్రెంచి సైనిక స్థావరంలో మూడేళ్లుండాలి. మూడేళ్లు ఎవరూ లేరు. ఒకాయన్ని ఒంట్లో బాగాలేదని, ఒకావిడని గర్భవతి అని ముందే ఇంటికి తీసుకుపోయారు.

ఇప్పుడు దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడు. 1986 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో ఒక డిస్కోలో బాంబు పేలింది. అమెరికా సైనికులు చనిపోయారు. చేయించింది లిబియా అన్నారు. పదిరోజుల్లో ట్రిపోలీ, బెంఘాజీల మీద అమెరికా విమానాలు బాంబులు కురిపించాయి. పారిస్ మీద ఎవరూ ఏమీ కురిపించలేదు. కురిపించాలని నేననడం లేదు. రెండు చోట్లా ప్రభుత్వమే బాంబు పెట్టించిందంటున్నాను, అంతే.

అసలు ఉగ్రవాదమంటే ఏమిటో అన్ని దేశాలూ ఒప్పుకునే అర్థం ఇంతవరకూ లేదు. దానికోసం ఒక ఒప్పందం ముసాయిదాని ఐక్యరాజ్య సమితిలో పెట్టింది మన దేశమే, 1996లో. అది ఇంకా తేలలేదు. అడ్డుపడిన ముళ్లలో ఒకటి నీ ప్రశ్నే: సర్కారు సైన్యాలు చేసేవి ఇందులోకి వస్తాయా, రావా?

ప్రశ్న: అమ్మా, ఎక్కడెక్కడి దేశాల గొడవలు మనకెందుకు? అమెరికా మనకేం కీడు చేసింది? పాత కథలు తవ్వుకుంటూ కూర్చుంటే షాపులు నడవవు.
– కిరాణా వర్తకుడు, జయపురం

జవాబు: బాబూ, మీరు వర్తకులు కాబట్టి కొలతతోనే మొదలుపెడతాను. మా నాన్న రాయగడలో ఒక షావుకారు దగ్గర గుమాస్తా. సంత రోజున కొండమీది వాళ్లు చోళ్లు, సామలు, వలిసెలు నెత్తిన పెట్టుకుని దిగేవాళ్లు. షావుకారు దగ్గర రెండు కుంచాలుండేవి. కొనేది ఒకటి, అమ్మేది ఒకటి. చూడ్డానికి కవల పిల్లలే. ఒకరోజు ఆటకి నేను కొనే కుంచం నిండా ఇసుక పోసి అమ్మే కుంచంలోకి వంపాను. సోలెడు ఇసుక పొర్లి గచ్చు మీద పడింది. మా నాన్న రెండూ నా చేతిలోంచి లాక్కుని లోపల పెట్టేశాడు. తిట్టలేదు, ఏమీ చెప్పలేదు కూడా. కొలిచేది షావుకారు, చిట్టా రాసేది మా నాన్న.

ఇక మీరడిగిన అమెరికా. 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, ఢాకా మీద పడింది. యూనివర్సిటీ హాస్టళ్లలో పిల్లల్ని కాల్చింది. వాడిన ట్యాంకులు అమెరికావి, తర్వాత ఊళ్ల మీద తిరిగిన సేబర్ జెట్లూ అమెరికావే. ఢాకాలో అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ కళ్లారా చూశాడు. ఏప్రిల్ 6న ఇరవైమంది అమెరికా ఉద్యోగులు సంతకాలు పెట్టి, ఇక్కడ జరుగుతున్నది జాతిహత్యే, మన ప్రభుత్వం నోరు మెదపకపోవడం తప్పు అని సొంత ప్రభుత్వానికే టెలిగ్రాం కొట్టారు. బ్లడ్ కూడా వాళ్లని సమర్థించాడు. దానికి ఆయనకి దక్కింది బదిలీ. ఆ నెలాఖరులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఒక కాగితం మీద తన చేత్తో రాశాడు, ప్రస్తుతానికి పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యాఖాన్‌ని ఇబ్బంది పెట్టొద్దని.

ఎందుకంటే యాహ్యాతో పని ఉంది. జులైలో నిక్సన్ సలహాదారు కిసింజర్ ఇస్లామాబాద్ వెళ్లి కడుపునొప్పి అని పడుకున్నట్టు నటించి, రహస్యంగా బీజింగ్ విమానం ఎక్కాడు. చైనాతో స్నేహానికి దారి పాకిస్తాన్ గుండా పోయింది. దారిలో శవాలున్నాయి, దాటుకుంటూ పోయారు.

మల్కన్‌గిరిలో నేను టీచరుగా ఉన్నప్పుడు దీని గురించి క్లాసులో చెప్పాను. అక్కడ తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీల ఊళ్లు చాలా ఉన్నాయి. శరణార్థులకి ఊళ్లు కట్టిన దండకారణ్య ప్రాజెక్టు వాళ్లు పేరు పెట్టే ఓపిక లేక ‘ఎంవీ’ (మల్కన్‌గిరి విలేజ్) అని, పక్కన ఒక నంబరు వేసి వదిలేశారు. మర్నాడు ఒక పిల్లవాడు వాళ్ల తాతని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన 1960లలోనే ఇక్కడికొచ్చాడు. అన్న కుటుంబం ఖుల్నాలో ఉండిపోయింది. 1971 మే 20న ఇండియా వైపు బయల్దేరిన జనం చుక్‌నగర్ దగ్గర వేలల్లో గుమిగూడి ఉన్నారు. సైన్యం వచ్చి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కాల్చింది. ఆ గుంపులో అన్న, వదిన, ముగ్గురు పిల్లలు. తాత మా పాఠ్యపుస్తకం అడిగి తీసుకుని, ఆ పేజీ తిప్పి ఒడియాలో అన్నాడు: “ఇందులో యుద్ధం డిసెంబరులో మొదలైందని ఉందమ్మా. మాకు మార్చిలో మొదలైంది.” తర్వాత ఏటా ఆ పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద మార్చి అనే రాశాను.

ఆ ఏడాది చివరికి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశంలో ఉన్నారు. డిసెంబరులో యుద్ధం వచ్చేసరికి మాత్రం అమెరికాకి నియమాలు గుర్తొచ్చాయి. సమితిలో తప్పంతా మన మీద పెట్టారు, మనకిచ్చే సాయం ఆపారు. సొంత లాయర్లు చట్టవిరుద్ధమని చెప్పినా జోర్డాన్ నుంచి పాకిస్తాన్‌కి యుద్ధవిమానాలు పంపడానికి లోపాయికారీగా తలూపారు. ఇంగ్లండు, ఫ్రాన్స్ ఆ ఓటింగుల్లో తటస్థంగా కూర్చున్నాయి. అది కూడా చెప్పాలి. విశాఖలో ఉండే మా మేనత్త పిల్లల్నేసుకుని పాసింజరు రైల్లో రాయగడ వచ్చేసింది. విశాఖ బయట పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ మునిగిన రోజులవి. ఆ తర్వాత రేడియోలో ‘ఏడో నౌకాదళం’ బంగాళాఖాతంలోకి వస్తోందన్నారు. ఎంటర్‌ప్రైజ్ అనే అణు విమానవాహక నౌక, దాని వెంట పరివారం. నాకు పదకొండేళ్లు. మిగతా ఆరూ ఎక్కడున్నాయని అడిగాను. మా నాన్న నవ్వాడు. మేనత్త ఏడ్చింది.

మీ షాపు నడవాలనే నేనూ కోరుకుంటాను బాబూ. ఒక్క కుంచంతో.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మీ కాలమ్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ‘ఇలాంటివి పంపకు అమ్మా, వీసా టెన్షన్’ అన్నాడు. అక్కడి వాళ్లందరూ చెడ్డవాళ్లేనా?
– గృహిణి, బరంపురం

జవాబు: పంపకండమ్మా, పిల్లాడికి నిద్ర ముఖ్యం. మా చెల్లెలి కొడుకూ అక్కడే ఉన్నాడు, నేనూ పంపను.

పై జవాబులో టెలిగ్రాం కొట్టిన ఇరవైమందీ అమెరికన్లే. 1971 ఆగస్టులో శరణార్థి శిబిరాల్లో బురదలో తిరిగి, వెనక్కెళ్లి తన ప్రభుత్వాన్నే నిలదీసిన ఎడ్వర్డ్ కెనెడీ అమెరికా సెనేటరే. నిక్సన్ చేతిరాత మనం చదవగలుగుతున్నామంటే వాళ్ల చట్టం ప్రకారం ఆ కాగితాలు బయటికి రావడం వల్లే. ఆ మాటకొస్తే మన కాగితాలు ఎన్ని బయటికొచ్చాయి?

ప్రశ్న: అంతర్జాతీయ న్యాయస్థానాలు ఉన్నాయి కదా మేడమ్. మీరు తీర్పులివ్వడం ఎందుకు?
– న్యాయవాది, పర్లాకిమిడి

జవాబు: తీర్పులు వాళ్లే ఇచ్చారండీ. 1984లో నికరాగువా రేవుల్లో సీఐఏ మందుపాతరలు పెట్టించింది. అక్కడి ప్రభుత్వం మీద కాంట్రాలనే సాయుధ ముఠాలకి డబ్బు, శిక్షణ ఇచ్చింది. నికరాగువా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. అమెరికా సగంలో కోర్టులోంచి లేచిపోయింది. 1986 జూన్ 27న అమెరికాదే తప్పు, పరిహారం కట్టాలని తీర్పు వచ్చింది. దాన్ని అమలు చేయమన్న తీర్మానాన్ని అమెరికా భద్రతా మండలిలో వీటో చేసింది. సర్వసభ్య సభలో 94 దేశాలు ఒకవైపు, మూడు ఒకవైపు. పైసా కట్టలేదు. మీ క్లయింటు ఇలా చేస్తే మీరు వకాల్తా వదులుకుంటారు.

ఈ మధ్యది చూడండి. 2023 మార్చిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పుతిన్ మీద వారెంట్ ఇస్తే బైడెన్ సబబే అన్నాడు. 2024 నవంబరులో అదే కోర్టు గాజా విషయంలో నెతన్యాహు మీద ఇస్తే దారుణమన్నాడు. తర్వాత వచ్చిన ట్రంప్ ఏకంగా కోర్టు మీదే ఆంక్షలు పెట్టాడు. ఉగ్రవాదాన్ని పోషించే దేశాలని అమెరికా ఒక జాబితా రాస్తుంది. సద్దాం ఇరాక్‌ని 1982లో అందులోంచి తీసేశారు. 1988లో హలబ్జాలో వాళ్లు విషవాయువుతో వేలమంది కుర్దుల్ని చంపినప్పుడూ పేరు ఎక్కలేదు. 1990లో కువైట్ మీద పడ్డాక, అప్పుడెక్కింది. నెల్సన్ మండేలా పేరైతే, ఆయన ప్రెసిడెంట్ అయి దిగిపోయాక కూడా, 2008 దాకా వాళ్ల ఉగ్రవాద నిఘా జాబితాలో ఉంది.

రష్యా మాటేమిటని అడగబోతున్నారు. 1956లో హంగరీ, 1979లో ఆఫ్ఘనిస్తాన్. వాళ్ల కొట్లోనూ రెండు కుంచాలున్నాయి. హంగరీ అప్పుడు మన ఢిల్లీకి కూడా గొంతు పెగల్లేదు.

ప్రశ్న: అక్కా, మాది సిరొంచ. ఇంద్రావతి దాటితే బస్తర్. దూరదేశాల లెక్కలు బాగా చెప్తారు. మన ఇంటి లెక్క ఎప్పుడు చెప్తారు? మీరు మల్కన్‌గిరిలో ఉన్నానని రాస్తారు కదా, అప్పుడు మీరేం చేశారు?
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: తమ్ముడూ, పదిహేడు ఉత్తరాల్లోకీ కష్టమైంది నీదే. చివరికి పెట్టింది అందుకే.

2005లో నీ ఊరి అవతల, మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం మొదలైంది. చదువు అంతంతమాత్రంగా ఉన్న గిరిజన కుర్రాళ్లని ప్రత్యేక పోలీసులని పేరు పెట్టి చేతికి తుపాకులిచ్చారు. ఊళ్లు తగలబడ్డాయి, జనం ఖమ్మం అడవుల్లోకి వలసపోయారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో అవతలివాళ్లు గొంతులు కోసిన ఊళ్లూ నీకు తెలుసు, నాకూ తెలుసు. బయటి దేశం చేస్తే ఒక మాట, మన సర్కారు చేస్తే ఒక మాట అంటే నేనూ ఆ షావుకారునే.

నేనేం చేశానన్నావు. ఆ రోజుల్లో నా తొమ్మిదో తరగతిలో ఒక కోయ పిల్లవాడుండేవాడు. పటాలు బాగా గీసేవాడు. సీలేరు, శబరి కలిసే మోటు దగ్గర మలుపు నాకన్నా బాగా గీసేవాడు. ఒక సోమవారం రాలేదు. రాత్రి ఎవరో వచ్చి తీసుకుపోయారన్నారు. యూనిఫాం వాళ్లని కొందరు, అడవిలో వాళ్లని కొందరు. వాళ్లమ్మ రెండుసార్లు స్కూలు గేటు దాకా వచ్చి నిలబడింది. ఆవిడకి ఒడియా రాదు, నాకు కోయ రాదు. ఇద్దరికీ తెలుగు వచ్చని అప్పుడు నాకు తట్టలేదు. తట్టనట్టు ఉండిపోయానేమో.

హాజరు పట్టీలో వాడి పేరు ఎదురుగా ఎర్ర సిరాతో ‘ఏ’ రాశాను. నెలన్నర రోజులు రోజూ రాశాను. తర్వాత హెడ్మాస్టరు గారు చెప్తే పేరు కొట్టేసి, కారణం అన్న గడిలో ‘చాలాకాలంగా గైర్హాజరు’ అని రాసి సంతకం పెట్టాను.