పాఠకుల ప్రశ్నలు: శాంతోరినిలో ద్రాక్ష పందిళ్లు ఎందుకు కనబడవు?

ప్రశ్న: పోయినసారి ఏథెన్స్‌లో రెట్సీనా అనే వైన్ తాగాం. అంతా పైన్ చెట్టు జిగురు వాసన. మా ఆయనకు అస్సలు నచ్చలేదు. గ్రీకు వైన్ అంటే ఇదేనా? ఈ సెప్టెంబరులో మళ్లీ వెళ్తున్నాం, శాంతోరినిలో ద్రాక్ష కోత చూడాలని ఉంది. కానీ అప్పుడు ఆ దీవి అంతా తిరిగినా ఒక్క పందిరి కూడా కనబడలేదు. తోటలు ఎక్కడుంటాయి? - పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీరు తోటల పక్కనుంచే వెళ్లి ఉంటారు. నేను మొదటిసారి పీర్గోస్ ఊరి దగ్గర బస్సు దిగి నడుస్తుంటే బూడిద రంగు నేలలో ఎండు పొదల్లాంటివి కనిపించాయి. వంగి చూస్తే అవి బుట్టలు! బతికున్న తీగనే చుట్టు మీద చుట్టు వేసి నేలకు ఆనించి అల్లారు. కాయలన్నీ ఆ బుట్ట లోపల ఉన్నాయి. ఈ పద్ధతిని అక్కడ కులూరా అంటారు.

అక్కడ గాలి అలాంటిది. వేసవిలో ఉత్తరం నుంచి మెల్తెమి వీస్తుంది. పందిరి వేసి తీగను పైకి పాకిస్తే ఎగిరొచ్చే ఇసుక కాయల తోలు చీల్చేస్తుంది. బుట్టయితే గాలికీ ఎండకీ అడ్డం. వేసవిలో వాన ఉండదు కాబట్టి రాత్రిపూట సముద్రం మీది నుంచి వచ్చే తేమే తీగకు ఆధారం. సుమారు 3,600 ఏళ్ల క్రితం అగ్నిపర్వతం పేలినప్పుడు పరుచుకున్న బూడిద, తేలిక రాళ్లు ఆ తేమను పట్టి ఉంచుతాయి.

ఆ నేల ఇంకో మేలు కూడా చేసింది. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు వేళ్లు పీల్చి యూరప్ తోటలను తుడిచిపెట్టేసింది. ఇప్పటికీ చాలా చోట్ల అమెరికా జాతి వేళ్ల మీద అంటు కట్టే ద్రాక్ష పెంచుతారు. శాంతోరిని నేలలో బంకమట్టి దాదాపు లేదు కాబట్టి ఆ పురుగు అక్కడ బతకలేదు. తీగలు ఇవాళ్టికీ సొంత వేళ్ల మీదే ఉన్నాయి. బుట్ట ముసలిదైతే మొదలు దాకా నరికేస్తారు, పాత వేరు నుంచి కొత్త చిగురు వస్తుంది. అక్కడి ముఖ్యమైన ద్రాక్ష అసీర్తికో. అంత ఎండలో పండినా పులుపు పోగొట్టుకోదు. దాని వైన్‌లో నిమ్మ పులుపు, చివర్లో కాస్త ఉప్పదనం తగులుతాయి.

ఒక్క మాట, దయచేసి గుర్తుపెట్టుకోండి. సూర్యాస్తమయం ఫొటో కోసం ఆ బుట్టల మీద కాలు పెట్టి నిలబడేవాళ్లని చూశాను. తెలియక చేసే పనే, కానీ నాకు చాలా బాధేసింది. హోటళ్లు, విల్లాలు ఇప్పటికే ఆ తోటల నేలను తినేస్తున్నాయి. మీరు మాత్రం కిందకి చూసి నడవండి.

ఇక కోత సంగతి. శాంతోరినిలో అది సాధారణంగా ఆగస్టులోనే జరిగిపోతుంది. సెప్టెంబరు మొదట్లో వెళ్తే, కోసిన గెలలను ఎండలో ఆరబెట్టడం కనబడవచ్చు. రెండు వారాలు అలా ఎండిన ద్రాక్షతో విన్‌సాంతో అనే తియ్యటి వైన్ చేస్తారు. పీపాల్లో కనీసం రెండేళ్లు ఉంచుతారు. కోతే చూడాలంటే మీ ప్రయాణాన్ని నెలాఖరుకు జరిపి ఉత్తర గ్రీసులోని మాసిడోనియా ప్రాంతంలో ఉన్న నావుసాకు వెళ్లండి. వెర్మియో కొండ వాలుల్లో క్సినోమావ్రో ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది. క్సినో అంటే పులుపు, మావ్రో అంటే నలుపు. కొత్తగా ఉన్నప్పుడు నాలుక పట్టేసేంత వగరు, అందుకే కొన్నేళ్లు దాచిన సీసా అడగండి. నాకు గ్రీసులో అన్నిటికన్నా ఇష్టమైన ఎర్ర వైన్ ఇదే. అంత వగరు వద్దనుకుంటే దక్షిణ గ్రీసులో పెలొపొనీస్ ద్వీపకల్పంలోని నెమేయాలో అయోర్గీతికో అనే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్ మెత్తగా ఉంటుంది.

రెట్సీనాను ఒక్క గ్లాసుతో వదిలేయకండి. పాత రోజుల్లో మట్టి జాడీలకు గాలి చొరబడకుండా పైన్ జిగురు పూసేవారు. ఆ రుచి జనానికి అలవాటై నిలిచిపోయింది. ఇప్పుడు ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికాలో ఎక్కువగా సవాతియానో ద్రాక్ష రసం పులిసేటప్పుడు కొద్దిగా జిగురు వేసి, తర్వాత తీసేస్తారు. శ్రద్ధగా చేసినదాంట్లో జిగురు వాసన వెనకే ఉంటుంది. బాగా చల్లగా, వేయించిన చిన్న చేపలతో తాగి చూడమని మీ ఆయనకు చెప్పండి.

ప్రశ్న: ప్రాచీన గ్రీకులు వైన్‌లో నీళ్లు కలుపుకునేవారట, నిజమేనా?

జవాబు: నిజమే. క్రాటెర్ అనే పెద్ద పాత్రలో కలిపి అందరికీ పోసేవారు. నీళ్లు కలపకుండా తాగడం మోటు మనుషుల అలవాటని వాళ్ల అభిప్రాయం. నేటి గ్రీకులో వైన్‌ను క్రసీ అంటారు, కలపడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. పాత మాట ఓయినోస్ కూడా పోలేదు. వైన్ చేసే చోటు బోర్డు మీద ఇనోపియో అని ఉంటుంది. అందులో మొదటి భాగం ఆ పాత మాటే, ఇప్పుడు పలకడం మారిందంతే.