‘జింజర్’ మన సంస్కృతం మాటేనా?

దారిలో సంస్కృతం తగులుతుంది, కాదనను. బయల్దేరింది మాత్రం అక్కడ కాదు. ఈ ప్రశ్న మీద మా ఇంట్లో పెద్ద గొడవే అయింది.

మా పెదనాన్న తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. ఓ పెళ్లిలో టిఫిన్ల దగ్గర పెసరట్టు మీద అల్లం పచ్చడి వేయించుకుంటూ, "జింజర్ అంటే మన శృంగబేరమేరా. శృంగం అంటే కొమ్ము, బేరం అంటే ఒళ్లు. ‘ఆర్ద్రకం శృంగబేరం స్యాత్’ అని అమరకోశంలోనే ఉంది" అన్నారు.

"మరి తమిళులు, మలయాళీలు అల్లాన్ని ఇంజి అంటారు, వేరుని వేర్ అంటారు. రెండూ కలిపి చూడండి పెదనాన్నా" అన్నాను.

"శొంఠికొమ్ము, పసుపుకొమ్ము అనడం లేదూ మనం? గుహుడి ఊరు శృంగిబేరపురం కాదూ?" అని ఆయన. వెనక లైను ఆగిపోయింది. వడ్డించే అబ్బాయి గరిటె పట్టుకుని మా మొహాలు చూస్తున్నాడు.

ఆ కొమ్ము పోలికే కొంప ముంచింది. దక్షిణాది మాట సంస్కృతం వాళ్ల చెవిన పడింది, ఆకారం కూడా కలిసొచ్చింది, శృంగం తగిలించేశారు. ఇంజికి లేని ‘శ’, ‘స’ మొదట్లో ఎక్కడివంటారా? పాత ద్రావిడ మాటల మొదట ఉన్న చకారం మన వైపు చాలాచోట్ల రాలిపోయింది. మన ‘ఆరు’ గోండిలో ఇప్పటికీ ‘సారుంగ్’. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు దీన్ని విడమరిచి రాశారు. ఇంజి కూడా ఆ బాపతే.

పాళీలో సింగివేర, గ్రీకులో జింగిబెరిస్, లాటిన్‌లో జింగిబెర్, అక్కడి నుంచి ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషు. పాతకాలపు రోమన్ రచయిత ప్లినీ అయితే అల్లం అరేబియాలో పండుతుందని రాసుకున్నాడు. అమ్మేవాళ్లు సరుకు ఎక్కడిదో చెప్తారా ఏంటి! ఈ ఒక్క మాట మీదే ఆలన్ రాస్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ 1952లో ఏకంగా ఓ పుస్తకం వేశాడు. మనవాళ్లేమో రెండు మాటలు ఒకేలా వినిపిస్తే చాలు, వాట్సాప్‌లో పడేస్తారు.

అన్నట్టు, జాగ్రత్తగా అనే అర్థంలో వాడే ‘జింజర్లీ’కి అల్లంతో ఏ సంబంధమూ లేదు. అది నాజూకు అనే అర్థమున్న పాత ఫ్రెంచ్ మాట నుంచి వచ్చి ఉంటుందని నిఘంటువులు చెప్తాయి. మా పాప స్కూల్లో మాత్రం, అల్లం ఘాటు కాబట్టి మెల్లిగా కొరుకుతాం, అందుకే ఆ మాట వచ్చిందని నోట్స్ రాయించారు. పరీక్షలో అలా రాస్తేనే మార్కులట.